పెండ్లయిందా అని అడిగిన తర్వాత

(హిందూపురంలో ఇచ్చిన స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ డాక్టరు గారు హిందూపురంలో ప్రాక్టీసు పెట్టి, పెనుకొండకూ ధర్మవరానికీ వారం వారం వెళ్లి రోగుల్ని చూసిన మనిషి. ఆయన దగ్గర పనిచేసిన వాళ్లందరికీ ఒక పద్ధతి గుర్తుంటుంది. రోగి వెంట ఎవరొచ్చినా, కన్నతల్లి అయినా, మేనమామ అయినా, ఊరి సర్పంచే అయినా, కాసేపు బయట కూర్చోవలసిందే. తలుపు వేసి రోగితో ఒంటరిగా మాట్లాడాకే మిగతావాళ్లను లోపలికి పిలిచేవారు. ఉమ్మడి కుటుంబాల రోజుల్లో దీనికి కోపం తెచ్చుకున్నవాళ్లు చాలామంది. ఆయన మానలేదు. ఆయన పేరిట మాట్లాడమని కుటుంబ సభ్యులు అడిగినప్పుడు, ఆ మూసిన తలుపు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల గురించే మాట్లాడాలనిపించింది. స్వలింగాకర్షణ ఉన్న రోగులు, వాళ్ల గురించి మన వైద్యుల మనసుల్లో పాతుకుపోయిన ఊహలు, ఆ ఊహలు వైద్యాన్ని ఎట్లా చెడగొడుతున్నాయన్నది ఈ రోజు నా విషయం.

విషయం తెలిసి ఒకరిద్దరు పెద్దలు, "మన పక్క అట్లాంటోళ్లు ఎవరున్నారప్పా, అదంతా బెంగుళూరు సంగతి కదా" అన్నారు. వాళ్ల మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను, మొదటి పొరపాటు ఊహ అదే. జ్వరమొస్తే, షుగరొస్తే వాళ్లు మన దగ్గరికే వస్తున్నారు. మనం గుర్తుపట్టడం లేదంతే. ఈ ఒక్క సంగతికి సంబంధించిన జబ్బయితే పొద్దున్నే బెంగుళూరు రైలెక్కి, ముక్కూ మొహం తెలియని డాక్టరును వెతుక్కుని, వేరే పేరు రాయించుకుని చూపించుకుంటారు. ఎందుకంటే ఇక్కడ చీటీ రాసే అబ్బాయి వాళ్ల వీధివాడు, కాంపౌండరు భార్య తరఫు చుట్టం, మందుల షాపాయన వాళ్ల నాన్నతో కలిసి చదువుకున్నవాడు. చార్జీలకు డబ్బున్నవాడు అట్లా పోగలడు. లేనివాడు "మొలలు, ఫిషర్, ఫిస్టులా, ఆపరేషన్ లేకుండా" అన్న బోర్డు కనబడిన చోటికి పోతాడు.

ఆ బోర్డుల కిందికి వెళ్లివచ్చిన ఒక మనిషి సంగతి చెబుతాను. ధర్మవరంలో మగ్గం నేసేవాళ్లు వేలల్లో ఉన్నారు, కాబట్టి వృత్తి చెప్పినా మనిషి ఎవరో తెలియదు. మిగతా వివరాలు మార్చాను. నలభై దాటిన వయసు, భార్య, ఇద్దరు పిల్లలు. మలద్వారం దగ్గర పుండులాంటిది వచ్చింది, పెద్ద నొప్పి లేదు. రోజంతా గుంత మగ్గంలో కూర్చునే పని కదా, మొలలే అన్నారు. ఆయింట్‌మెంట్ ఇచ్చారు. కొన్ని వారాలకు పుండు దానంతటదే మానిపోయింది, మందు పనిచేసిందనుకున్నారు. ఆ తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి మచ్చలు లేచాయి. పట్టు రంగు పడలేదన్నారు, అలర్జీ మాత్రలు రాశారు. చేతికి నూనె పూసుకుని నేయమన్నారు. నా దగ్గరికి వచ్చేసరికి మెడ కింద బిళ్లలు కట్టి, సన్నజ్వరం పట్టుకుని ఉంది. వెంట బావమరిది.

ఆ మచ్చలకు దురద లేదు. రంగు పడక వచ్చే అలర్జీకి దురద లేకపోవడం అరుదు. పైగా అరికాళ్లకు రంగు ఎక్కడిది? బావమరిదిని టీ తాగి రమ్మని పంపి, తలుపు వేసి, "ఇది వచ్చినోళ్లందరినీ అడిగే ప్రశ్న. నీకు శరీర సంబంధం ఆడవాళ్లతోనా, మగవాళ్లతోనా, ఇద్దరితోనా?" అని అడిగాను. చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. "మొగోళ్లతో కూడా సార్. ఇంతవరకు ఎవురూ అడగల్యా" అన్నాడు.

వీడీఆర్‌ఎల్ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. సిఫిలిస్ రెండో దశ. పుండు మొదటి దశ, అది నొప్పి లేకుండా వచ్చి మందు వేయకపోయినా మానిపోతుంది. జబ్బు మాత్రం రక్తంలో నడుస్తూనే ఉంటుంది. వదిలేస్తే ఏళ్ల తర్వాత గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళాన్నీ, మెదడునూ పట్టుకోగలదు. ఈ దశలో వైద్యమేమిటంటే బెంజాథిన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్లు, ఒక్కసారి, తుంటికి ఇంజెక్షన్. ఎంతో పాత మందు, ఎంతో చవక మందు. ఆయన అప్పటికే ఆయింట్‌మెంట్లకూ అలర్జీ మాత్రలకూ పెట్టిన ఖర్చు దానికి ఎన్నో రెట్లు.

ఈయన్ను అంతకుముందు చూసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. చదువు లేనివాళ్లూ కాదు, ఒక్కరు తప్ప. "పెండ్లయిందా? పిల్లోళ్లెంతమంది?" అని అందరూ అడిగారు. జవాబు వినగానే ఇంకో ప్రశ్న అడగలేదు. పెండ్లయింది, పిల్లలున్నారు, మాటలో మగతనముంది, మీసముంది. గే అంటే చేతులు తిప్పుతూ మాట్లాడతాడని, సిటీలో ఉంటాడని, పెండ్లి కానివాడని వాళ్ల మనసులో ఒక బొమ్మ ఉంది. ఆ బొమ్మకు సరిపోని మనిషికి సిఫిలిస్ ఎక్కడ వస్తుందో కూడా వెతకలేదు. బొమ్మకు సరిపోయే మనిషికి ఇంకో రకం అన్యాయం జరుగుతుంది. మూడు వారాల దగ్గుతో వచ్చినవాడికి కళ్లె పరీక్ష కంటే ముందు హెచ్‌ఐవీ పరీక్ష రాస్తారు. అది నెగెటివ్ వస్తే ఇంక భయం లేదని పంపేస్తారు. లోపల క్షయ అట్లాగే ఉంటుంది. ఒకరి విషయంలో అసలు అనుమానించకపోవడం, మరొకరి విషయంలో ఒకే అనుమానం దగ్గర ఆగిపోవడం, రెండూ రోగిని అడగకుండా మనమే తేల్చేసుకోవడం వల్ల వచ్చినవే. దీన్ని నేను మర్యాద లోపం అనను, రోగనిర్ధారణలో తప్పు అంటాను. డాక్టరుకు అంతకంటే పెద్ద తప్పు లేదు.

మలద్వారం సంగతి ఎత్తాను కాబట్టి, మన వృత్తి చరిత్రలోని ఒక చీకటి పేజీ కూడా తిప్పాలి. 1857లో ఫ్రాన్స్‌లో ఆంబ్రోయిజ్ తార్ద్యూ అనే వైద్యుడు ఒక పుస్తకం రాశాడు. మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాడి మలద్వారం గరాటు ఆకారంలో ఉంటుందని, శరీరాన్ని చూసి అలవాటును పసిగట్టవచ్చని అందులో వాదించాడు. సైన్సు పేరుతో వచ్చిన ఆ మాట మన దేశానికీ చేరింది. 1884లో అలహాబాద్ హైకోర్టు ముందుకు ఖైరాతీ అనే మనిషి కేసు వచ్చింది. ఆడవాళ్ల బట్టలు కట్టుకుని పాడుతున్నాడని పట్టుకుని, సివిల్ సర్జన్ చేత ఒళ్లు పరీక్ష చేయించారు. బాకా ఆకారం కనబడిందని, సిఫిలిస్ గుర్తులున్నాయని ఆ సర్జన్ రాసిచ్చాడు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో నేరం జరిగిందో ఏ రుజువూ లేదని హైకోర్టు శిక్ష కొట్టేసింది. సిఫిలిస్ ఉన్న మనిషి డాక్టరు చేతికి చిక్కితే దక్కింది మందు కాదు, వాంగ్మూలం. అలాంటి పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదని, బలవంతంగా చేయడం తప్పని ప్రపంచ వైద్య సంఘం 2017లో తీర్మానించింది. అయినా మనం చదువుకున్న ఫోరెన్సిక్ పాఠాల్లో ఆ వాసన చాలా ఏళ్లు పోలేదు.

పోలేదని ఎందుకంటున్నానంటే, 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు నవ్‌తేజ్ సింగ్ జోహర్ కేసులో, ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చింది. 2021లో మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ముందు కలిసి బతకదలచిన ఇద్దరు అమ్మాయిల కేసు నడిచి, వైద్య విద్యలోని ఇలాంటి పాఠాల మీద గట్టి ఆదేశాలు వచ్చాయి. జాతీయ వైద్య కమిషన్ పుస్తకాల్లోని కించపరిచే రాతలు తీసేయమంది. తీరా 2024 ఆగస్టు చివర్లో అదే కమిషన్ విడుదల చేసిన కొత్త పాఠ్య ప్రణాళికలో, మగవాళ్ల మధ్య సంబంధం, ఆడవాళ్ల మధ్య సంబంధం మళ్లీ అసహజ లైంగిక నేరాల జాబితాలో కనబడ్డాయి. దేశమంతా అభ్యంతరం చెబితే కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. పెనుకొండకు వైద్య కళాశాల మంజూరైంది. రేపు అక్కడ కూర్చునే పిల్లలు ఏ పాఠం చదువుతారన్నది మనకు సంబంధం లేని ఢిల్లీ విషయం కాదు, వాళ్లు మన ఓపీల్లోనే నేర్చుకుంటారు.

ఇక హెచ్‌ఐవీ. గే అనగానే ఈ మూడక్షరాలు గుర్తొచ్చేలా మన తరాన్ని తయారుచేసింది అమెరికా. 1981 జూన్ 5న అక్కడి ప్రభుత్వ వారపత్రికలో లాస్ ఏంజెలిస్‌లోని ఐదుగురు గే యువకుల న్యుమోనియా గురించి వచ్చిన చిన్న నివేదికతో ఆ కథ మొదలైంది. కొన్నాళ్లు జబ్బు పేరులోనే గే అన్న మాట పెట్టారు. మన దేశంలో మొదలు వేరే. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలోమన్, ఆమె విద్యార్థిని నిర్మల మొదట కనిపెట్టింది సెక్స్ వర్కర్ల రక్తంలో. మన ప్రాంతంలో అది ముఖ్యంగా లారీల దారిలో, వలసల దారిలో, ఆడమగ సంబంధాల్లో పాకింది. పెనుకొండ మీదుగా పోయే హైవే పక్క ఢాబాల దగ్గర లారీ డ్రైవర్లకు కండోములు పంచిన రోజులు ఇక్కడున్న పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ధర్మవరం పక్కన బత్తలపల్లిలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆస్పత్రి ఏళ్లుగా చూస్తున్న హెచ్‌ఐవీ రోగుల్లో ఇళ్లల్లో ఉండే ఆడవాళ్లు, పిల్లలు ఎంతమందో అక్కడ పనిచేసిన మిత్రులకు తెలుసు.

అంటే ప్రమాదమే లేదా? ఉంది. దాచడం వైద్యం కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) 2017 సర్వేలో మగవాళ్లతో సంబంధమున్న మగవాళ్లలో హెచ్‌ఐవీ 2.69 శాతం. ఆ ఏడాది దేశంలో పెద్దల సగటు అంచనా 0.22 శాతం. సగటు కంటే పన్నెండు రెట్లు, కాబట్టి పరీక్ష చేయించుకోమని నచ్చజెప్పాలి, హెపటైటిస్ బి టీకా గుర్తుచేయాలి, ప్రమాదం జరిగిన 72 గంటల్లోపు వస్తే నివారణ మందు మొదలుపెట్టాలి. అదే లెక్క ప్రకారం వందలో తొంభై ఏడుగురికి హెచ్‌ఐవీ లేదన్నది కూడా నిజం. ఈ రెండు నిజాలనూ ఒకేసారి మనసులో పెట్టుకోగలిగిన డాక్టరు రోగిని చూసి వెనక్కి జరగడు, రెండు గ్లౌజులు వేసుకోడు, కేసు షీటు మీద ఎర్ర సిరాతో గుండ్రం చుట్టడు. ఎర్ర సిరా సంగతి చట్టంలోకి కూడా వచ్చింది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం రోగి తెలిసి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు. ఇది ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కూ వర్తిస్తుంది.

ఇంకో సంగతి మన వాళ్లు మర్చిపోయారు. నాజ్ ఫౌండేషన్ కేసులో, స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ మీద ఢిల్లీ హైకోర్టులో వాదన నడుస్తున్నప్పుడు, ఆ సెక్షన్ వల్ల మనుషులు దాక్కుంటున్నారని, నివారణ పని దెబ్బతింటోందని 2006లో అఫిడవిట్ వేసింది ప్రభుత్వ సంస్థ అయిన న్యాకోనే. కేంద్ర హోం శాఖ ఆ సెక్షన్‌ను సమర్థిస్తుంటే ఆరోగ్య శాఖ వైపు నుంచి వచ్చిన మాట అది. రోగి భయపడితే జబ్బు దాక్కుంటుందని చెప్పింది మన వృత్తివాళ్లే. అది మన గౌరవం.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది పెండ్లి మందు. పద్దెనిమిదేళ్ల కొడుకును తీసుకొచ్చి "వీణ్ని బాగుచేయండి సార్" అని ఏడ్చే తల్లిదండ్రుల్ని చూశాను. వాళ్ల ఏడుపు నిజమైనదే. ఆ ఏడుపు ఆపడానికి "ఏమీ లేదు, ఒక పెండ్లి చేయండి, అదే కుదురుకుంటుంది" అనే డాక్టర్లు నేటికీ ఉన్నారు. కుదురుకోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగాకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. 1980ల్లో మన మనోవైద్య పత్రికలో దీన్ని మార్చే ప్రయోగాల మీద పత్రాలు అచ్చయ్యాయి. ఆ పత్రికను నడిపే భారత మనోవైద్యుల సంఘమే 2018లో ఇది జబ్బు కాదని బహిరంగంగా ప్రకటించింది. 2022 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్, మార్పిడి చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని రాష్ట్ర వైద్య మండళ్లకు రాసింది. లైసెన్సు మీదికి వచ్చే విషయమది.

పెండ్లి మందు ఇద్దరు మనుషుల్ని దెబ్బతీస్తుంది. ఆ ఇంటికి వచ్చిన అమ్మాయిని అడిగినవాళ్లెవరు? నేత పని చేసే ఆయన కథలో ఆమె కూడా ఉంది. ఆమెకూ పరీక్ష చేయాలి, అదే ఇంజెక్షన్ ఇవ్వాలి, కడుపుతో ఉంటే బిడ్డను కాపాడుకోవాలి. భర్తకు సిఫిలిస్ ఉందని, ఇద్దరికీ వైద్యం కావాలని ఆమెకు తెలియాలి. అతను ఎవరితో సంబంధం పెట్టుకున్నాడన్నది ఆమెకు చెప్పాలా వద్దా అన్నది అతని మాట. ఆయనతో చాలాసేపు మాట్లాడితే తనే తీసుకొచ్చాడు, తనే ఎదురుగా కూర్చుని చెప్పాడు. హెచ్‌ఐవీ అయితే భాగస్వామికి డాక్టరు చెప్పడానికి చట్టంలో ఒక దారి ఉంది, అదీ రోగికి కౌన్సెలింగ్ చేసి, చెప్పబోతున్నట్టు ముందే తెలియజేసి, ఎదురుగా కూర్చుని చెప్పేది. కొడుకు గే అని తండ్రికి చెప్పడానికి మాత్రం ఏ దారీ లేదు, తండ్రి ఫీజు కట్టినా సరే.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లను మనం అసలు ఊహించుకోవడం కూడా లేదు. గైనకాలజీ గదిలో "పెండ్లయిందా" అన్న ప్రశ్నకు కాలేదంటే లైంగిక జీవితం లేదని అర్థం చేసుకుంటాం. ముప్పై అయిదేళ్ల పెండ్లికాని స్త్రీకి గర్భాశయ ముఖ క్యాన్సర్ పరీక్ష గురించి చెప్పం. ఆ క్యాన్సర్‌కు కారణమైన వైరస్ ఇద్దరు ఆడవాళ్ల మధ్య కూడా వస్తుంది. 2024 డిసెంబర్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కలిసి బతకదలచిన ఇద్దరు యువతుల కేసులో ఒక అమ్మాయిని తండ్రి దగ్గర నుంచి విడిపించి, ఆమె ఇష్టాన్ని గౌరవించింది. కోర్టు చూసిన మనుషుల్ని క్లినిక్ చూడకపోతే ఎట్లా?

మరి ఏం చేయాలి? నేను పెద్ద పెద్ద శిక్షణల గురించి మాట్లాడను. మన మూడు ఊళ్లలో ఓపీ గది అంటే చాలాచోట్ల ఒక బల్ల, చుట్టూ పదిమంది. ఒకరి జబ్బు ఇంకొకరు వింటూ ఉంటారు. ముందు ఒక కర్టెన్, వీలైతే తలుపు. తర్వాత ప్రశ్న. లైంగిక జబ్బు కావచ్చనిపించిన ప్రతి రోగినీ, మీసమున్నా లేకున్నా, తాళి ఉన్నా లేకున్నా, ఒకే మాటతో అడగాలి, అందరినీ అడిగేదే ఇదని ముందే చెప్పాలి. ప్రభుత్వ సురక్ష క్లినిక్కుల్లో ఇచ్చే కిట్ల పద్ధతిలో, మలద్వారం నుంచి చీము కారేవాళ్లకు కూడా ఒకటో నంబరు బూడిదరంగు కిట్ ఉంది. అడగని డాక్టరుకు ఆ లక్షణం ఎప్పటికీ కనబడదు, కిట్టు అలమారాలోనే ఉంటుంది. మూత్రం పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన మలద్వారంలో గనేరియా లేదని కాదు. ఇంకొకటి, డాక్టరు ఎంత బాగా అడిగినా అటెండరు ముసిముసిగా నవ్వితే ఆ రోగి మళ్లీ రాడు. అందుకే ఈ సభకు అటెండర్లను కూడా పిలవమని నేను పట్టుబట్టాను. వచ్చినందుకు వాళ్లకు ప్రత్యేకంగా నమస్కారం.

పొద్దున ఇదే ఆవరణలో రక్తదానం జరిగింది. ఆ ఫారంలో ఒక గడి ఉంది. 2017లో కేంద్రం ఇచ్చిన నియమాల ప్రకారం మగవాళ్లతో సంబంధమున్న మగవాళ్లు, ట్రాన్స్‌జెండర్లు జీవితాంతం రక్తం ఇవ్వకూడదు. మణిపూర్‌కు చెందిన సాంతా ఖురాయ్ దీని మీద 2021లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ ఏడాదే బ్రిటన్, 2023లో అమెరికా, మనిషి ఎవరని అడగడం మానేసి ఈ మధ్య అతను ఏం చేశాడని అందరినీ ఒకేలా అడిగే పద్ధతికి మారాయి. నా ఉద్దేశంలో అదే సైన్సు, రక్తం తీసుకునేవాడికీ అదే ఎక్కువ రక్షణ. నియమం మారేదాకా మనం పాటించక తప్పదు. కానీ ఒక కుర్రవాడు నిజం రాసినందుకు క్యూలో అందరి ముందూ లేపి పంపడం ఏ నియమంలోనూ లేదు. నిజం చెప్పినవాణ్ని పక్కకు పిలిచి, కృతజ్ఞత చెప్పి పంపాలి.

చివరగా, మంచం పక్కన నిలబడే మనిషి గురించి. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ కొవిడ్ రెండో అలలో జబ్బు పడి లేచాక 2021 డిసెంబర్‌లో బంధువుల మధ్య పెండ్లి వేడుక చేసుకున్నారు. సుప్రియో పేరు మీదే నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17న అలాంటి పెండ్లికి చట్టబద్ధత ఇవ్వలేదు. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ 2024 ఆగస్టు 21న అన్ని రాష్ట్రాలకూ ఉత్తరం రాసింది. వివక్ష తగ్గించమని, మార్పిడి చికిత్సలు ఆపమని, దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకోవచ్చని అందులో ఉంది. బతికున్న మనిషి విషయంలో చట్టం అంతకుముందే స్పష్టం. 2008లో సమీరా కోహ్లీ కేసులో, స్పృహలోకి రాబోయే వయసొచ్చిన రోగి బదులు కన్నతల్లి సంతకం కూడా చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. రోగి స్పృహలో ఉంటే సంతకం రోగిదే. బావమరిది సంతకం, పెదనాన్న సంతకం మనం అలవాటుగా పెట్టించుకునేవి. లోపల ఎవరిని రానివ్వాలో రోగిని అడిగి కేసు షీటులో రాసుకుంటే చాలు, పదేళ్లు కలిసి బతికిన స్నేహితుణ్ని "నువ్వేమవుతావ్?" అని గేటు దగ్గర ఆపే పని ఉండదు.

ఆ ఆగస్టు ఉత్తరాన్ని మన ఊళ్ల ఆస్పత్రుల గోడల మీద ఎక్కడా నేను చూడలేదు. వచ్చే సోమవారం పుట్టపర్తిలో జిల్లా వైద్యాధికారిని కలిసి, దాన్ని తెలుగులోనూ, మన సరిహద్దు జనం కోసం కన్నడంలోనూ ఉర్దూలోనూ రాయించి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వ ఆస్పత్రుల్లో అంటించమని వినతిపత్రం ఇస్తున్నాను. పత్రం ఆ చివరి బల్ల మీద ఉంది. సంతకం పెట్టదలచినవాళ్లు పెట్టండి, వెంట రాగలవాళ్లు పేరు పక్కన ఫోన్ నంబరు రాయండి.